దిద్దిన తప్పును యథాస్థానంలో ఉంచగలరు

శ్రీ దివ్యసింధు ఇంజనీరింగ్ కాలేజీలోకి ఓపెన్ సోర్స్ పెసరట్టు వెంట వచ్చింది.

తనిఖీ కమిటీ దిగిన రోజది. కమిటీలో పెద్దాయన లాబులు చూశాడు, లైబ్రరీ చూశాడు, కొత్తగా రంగులేసిన గోడల్ని ముట్టుకుని వేలు తుడుచుకున్నాడు. చివరికి గెస్ట్ హౌసులో పెసరట్టు ముందు కూచుని, అల్లం పచ్చడి నంజుకుంటూ, "మీ పిల్లలు ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తారా?" అని అడిగాడు. ప్రిన్సిపాల్ డాక్టర్ బాపనయ్య గారికి ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క సంగతి బాగా వంటబట్టింది. తనిఖీకి వచ్చినవాడు ఏది అడిగినా అది మన దగ్గర ఉందనే చెప్పాలి. "మొదట్నించీ చేస్తున్నారు సార్. మా దగ్గర అదొక సంప్రదాయం" అన్నారు. పెద్దాయన సంతోషించి, మళ్లీ విడత వచ్చినప్పుడు అదే చూస్తానని చెప్పి ఇంకో పెసరట్టు వేయించుకున్నాడు.

కమిటీ కారు గేటు దాటి, ఒంగోలు రోడ్డు మీద పొగాకు కాల్చే బ్యారన్ల వెనక కనుమరుగయ్యాక, ప్రిన్సిపాల్ గారు కంప్యూటర్స్ హెచ్‌ఓడీ డాక్టర్ పరాంకుశం గారిని పిలిపించారు.

"ఓపెన్ సోర్స్ అంటే ఏంటండీ?"

"అంటే సార్, ప్రోగ్రాం రాసినాయన దాని లోపలి రాతంతా లోకానికి తెరిచి పెడతాడు. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, తప్పుంటే దిద్ది పంపొచ్చు. బాగుంటే ఆయన కలుపుకుంటాడు."

"ఎవరైనానా?"

"ఎవరైనా సార్."

"హాల్ టికెట్ లేకుండా?"

"లేకుండానే సార్."

బాపనయ్య గారు కాసేపు కళ్లు మూసుకున్నారు. ప్రపంచం ఇంత క్రమశిక్షణ లేకుండా నడుస్తోందని ఆయనకు అప్పటిదాకా తెలియదు. "సరే, ఆ క్రమశిక్షణేదో మనం పెడదాం" అన్నారు.

మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "మూడవ సంవత్సరం కంప్యూటర్స్ విద్యార్థినీ విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, ఓపెన్ సోర్స్ స్వచ్ఛంద సేవ ఇందుమూలముగా తప్పనిసరి చేయడమైనది. స్వచ్ఛందముగా ముందుకు రాని వారిపై కఠిన చర్యలు తీసుకొనబడును." దాని కింద నియమాలు. సేవ చేయు సమయమున ఐడీ కార్డు, బూట్లు, టక్ తప్పనిసరి. ప్రతి దిద్దుబాటును ముందుగా రికార్డులో చేత్తో రాయవలెను. కుడివైపు గీతల పేజీలో విధానము, ఎడమవైపు తెల్ల పేజీలో పటము. హెచ్‌ఓడీ సంతకం అయిన తర్వాతనే, కాలేజీ ఇచ్చిన ఈమెయిల్ నుంచి మాత్రమే, లోకానికి పంపవలెను. లోకము అంగీకరించిన దిద్దుబాటుకు మాత్రమే మార్కులు.

ఇందులో చిన్న చిక్కొకటి ఉంది. ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములన్నీ ఉండే వెబ్‌సైటును కాలేజీ ఇంటర్నెట్‌లో క్రమశిక్షణ కమిటీవారు ఎప్పుడో మూయించారు. అందులో ఆడా మగా ఒకరినొకరు ఫాలో అవుతున్నారని వారి అభ్యంతరం. ఇప్పుడది తెరవాలంటే క్లాస్ టీచరు, హెచ్‌ఓడీ, ప్రిన్సిపాల్, కన్నతండ్రి, నలుగురూ సంతకాలు పెట్టిన అర్జీ కావాలి. పిల్లలు పగలంతా ఓపెన్ సోర్స్ గురించి రికార్డు రాసి, ఇంటికి పోయి సొంత ఫోన్లలో దాన్ని చూసుకునేవాళ్లు.

క్లాసులో సర్క్యులర్ చదువుతున్నప్పుడు అందరూ కిసుక్కున నవ్వారు గాని మేడికొండ హెప్సిబా నవ్వలేదు. ఆ అమ్మాయికి గాంభీర్యం ఎక్కువై కాదు. అప్పటికే ఆ పనిలో పీకల్లోతు మునిగి ఉంది, ఎవరూ చెప్పకుండానే.

హెప్సిబాను పెంచింది మేనత్త సువార్తమ్మ. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. ఒంగోలు లాయరుపేటలో రెండు గదుల ఇల్లు, మంచం పక్కన దొంతర్లుగా డిటెక్టివ్ నవలలు. పుస్తకం పేజీని ఫోనుతో ఫొటో తీస్తే గట్టిగా చదివి వినిపించే ఉచిత యాప్ ఒకటి హెప్సిబా వెతికి పెట్టింది. ఎస్టోనియా అనే చలి దేశంలో కైసా అనే ఆవిడ మొదలుపెట్టిన యాప్ అది. తర్వాత ఎవరెవరో కలిసి ఒక్కో భాషా చేర్చుకుంటూ పోయారు, తెలుగుతో సహా. దాని అసలు పేరు నోరు తిరగక సువార్తమ్మ దానికి ఎస్తేరు అని పేరు పెట్టుకుంది.

"ఒసే హెప్సీ, ఎస్తేరుకి మతిమరుపొచ్చినట్టుందే" అంది ఒకనాడు. "మొదటి పేజీ చదివి ఊరుకుంటంది. తడితే మళ్లా మొదటి పేజీ ఎత్తుకుంటంది. జమీందారు శవం మెట్ల కింద పడుందని పొద్దుట్నించీ చెప్తానే ఉంది. చంపినోడెవడో మాత్రం చెప్పదు."

"ఫోను పాతదైపోయింది అత్తా, మారుద్దాం."

"ఫోన్దేం తప్పు? లైను తెగితే మేం ఫోన్లు మార్చామా ఏందే? ఏడ తెగిందో చూసుకోవాల."

హెప్సిబా చూసింది. చూడ్డానికి లోపలి రాతంతా తెరిచే ఉంది మరి. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. వేరేవాళ్లు దిద్దుతూ రాసుకున్న మాటలు చదివింది, వాళ్లు ఏ వరసలో అడుగుతున్నారో గమనించింది. చివరికి రెండో పేజీకి వెళ్లాల్సిన చోట తెలుగుకు దారే పెట్టలేదని పట్టుకుంది. దిద్ది, భయపడుతూ భయపడుతూ పంపింది. కైసా దాన్ని తిప్పి పంపింది. "తెలుగు బాగైంది. కానీ నీ మార్పుతో తమిళం ఆగిపోతోంది, చూడు. ఏం గమనించావో ముందు రాయి, ఏం జరగాలో తర్వాత రాయి" అని రాసింది. తిట్టు ఎక్కడుందా అని హెప్సిబా ఆ ఉత్తరమంతా వెతికింది. లేదు. మళ్లీ దిద్ది, "మా అత్త ఫోనులో గమనించాను" అని మొదలుపెట్టి, వివరంగా రాసి పంపింది. ఈసారి కలుపుకున్నారు. "ధన్యవాదాలు హెప్సిబా. మీ అత్తగారికి నా నమస్కారం" అని వచ్చింది.

ఆ సాయంత్రం ఎస్తేరు గొంతు సవరించుకున్నట్టు ఓ క్షణం ఆగి రెండో పేజీ ఎత్తుకుంది. సువార్తమ్మ చెయ్యెత్తి "ష్" అంది, ఇంట్లో ఎవరూ మాట్లాడకపోయినా. హెప్సిబాకు ఏడుపొచ్చినంత సంతోషమేసింది. ముక్కూ మొహం తెలియని మనిషి తన పనిని చదివి, తప్పు చూపించి, దిద్దుకోనిచ్చి, పైగా థాంక్స్ చెప్పింది. కాలేజీలో చేరినప్పట్నించీ తన రికార్డుల మీద సంతకాలు పడ్డాయి గాని, ఎవరైనా చదివిన గుర్తు ఆమెకు లేదు. కైసా ఇంకో మాట కూడా రాసింది. తెలుగు విభాగానికి నమ్మకంగా చూసుకునే మనిషి లేరు, ఇంకొన్ని దిద్దుబాట్లు చేస్తే ఆ బాధ్యత నీకే ఇస్తాను అని. హెప్సిబా ఆ ఉత్తరాన్ని అత్తకు ఎస్తేరు చేతే చదివించింది.

ఈ సంగతి కాలేజీకి తెలిసింది. గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. చైర్మన్ గారు, చైర్మన్ గారి తండ్రిగారు, ప్రిన్సిపాల్ గారు, హెచ్‌ఓడీ గారు చిరునవ్వులు చిందిస్తున్నారు. కింద మూల పోస్టల్ స్టాంపంత హెప్సిబా. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఆమె రికార్డు క్లాసందరి చేతుల్లోకీ వెళ్లింది.

ఇక్కడ ఒక ఆచారం చెప్పుకోవాలి. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో రికార్డు రాసేది క్లాసుకొక్కరే. మిగతావాళ్లు దాన్ని చూసి దించుతారు. దీన్ని ఎవరూ తప్పనుకోరు. పైగా లాబ్ ఇన్‌చార్జి సుధారాణి మేడం నియమం కూడా అదే. "అందరి అవుట్‌పుట్టూ ఒకేలా రావాలర్రా. తేడా వస్తే ఎగ్జామినర్ ప్రశ్నలేస్తాడు" అంటుంది ఆవిడ. మంచి మనిషే. ప్రశ్నలంటేనే ఆవిడకు గుండెదడ.

హెప్సిబా దిద్దుబాటు ఆ విధంగా 'ఎక్స్‌పెరిమెంట్ నంబర్ ఒకటి' అయింది. అరవై మందీ దించారు. "మా అత్త ఫోనులో గమనించాను" అన్న వాక్యంతో సహా దించారు. అత్తలు లేనివాళ్లూ దించారు. బూట్లు వేసుకుని, టక్ చేసుకుని, సంతకం పెట్టించుకుని, అందరూ దాన్ని ఎస్టోనియాకు పంపారు.

కైసా దగ్గర్నించి అందరికీ కలిపి ఒక జవాబు వచ్చింది. "మీ ఊళ్లో చూపులేని అత్తలు ఇంతమంది ఉన్నారని తెలిసి చాలా బాధపడుతున్నాను. ఈ తప్పును హెప్సిబా ఇప్పటికే దిద్దారు. మీ అత్తలందరికీ యాప్ పనిచేస్తూ ఉండాలి. ఇంకా ఆగుతోందా, దయచేసి చెప్పండి."

ఇంకా ఆగుతోందని ఎవరూ చెప్పలేకపోయారు. ఒక్కరి దిద్దుబాటునూ లోకం అంగీకరించలేదు. సుధారాణి మేడం పరుగున హెచ్‌ఓడీ గదికి వెళ్లింది. ఆయన హెప్సిబాను పిలిపించారు.

"ఏమ్మా, తప్పును దిద్దేశావంట?"

"అవును సార్."

"పూర్తిగా?"

"పూర్తిగానే సార్."

"అదేనమ్మా సమస్య. ఒక్కదానివే పూర్తిగా దిద్దేసుకుంటే మిగతా బ్యాచ్ సంగతేంటి? కెమిస్ట్రీ లాబులో ఒకడు టైట్రేషన్ చేసేశాడని యాసిడ్ సీసా పారబోస్తామా? తర్వాతవాడికి ఉంచాలా వద్దా?"

"సార్, అందులో తప్పులింకా చానా ఉన్నయ్ సార్. తలా ఒకటి తీసుకోవచ్చు."

పరాంకుశం గారు ఆ అమ్మాయి వంక జాలిగా చూశారు. "తలా ఒకటి తీసుకుంటే అవుట్‌పుట్లు తలా ఒక రకంగా వస్తాయి. వాల్యుయేషన్ ఎవరు చేస్తారు, నువ్వా? ఎక్స్‌పెరిమెంట్ అన్నాక అందరికీ ఒకటే ఉండాలి. కూచో, లెటర్ డిక్టేట్ చేస్తా."

ఆయన చెప్పారు, హెప్సిబా రాసింది. "గౌరవనీయులైన కైసా మేడం గారికి, దివ్యసింధు కళాశాల కంప్యూటర్స్ విభాగం తరఫున వినయపూర్వకముగా వ్రాయునది. తమ ప్రోగ్రామునందలి రెండవ పేజీ తప్పు ఒక విద్యార్థిని తొందరపాటు వలన సరిచేయబడినది. తత్కారణముగా మిగిలిన విద్యార్థులకు దిద్దుటకు తప్పు లేక తీవ్ర అసౌకర్యము కలుగుచున్నది. కావున తాము దయతలచి, దిద్దిన తప్పును యథాస్థానంలో ఉంచి, మా విద్యార్థుల విద్యా సంవత్సరము వృథా కాకుండా కాపాడగలరని ప్రార్థన." కింద స్టాంపు వేయించి, స్కాన్ చేయించి పంపారు. హెప్సిబా సిగ్గుతో చచ్చిపోయింది.

కైసా మర్యాదగానే జవాబిచ్చింది. ఉత్తరం అర్థం కాక పక్కింటివాళ్లకు కూడా చూపించానంది. తప్పును తిరిగి పెడితే హెప్సిబా అత్తగారి పుస్తకం మధ్యలో ఆగిపోతుందనీ, అందువల్ల కుదరదనీ రాసింది.

"ఎవరీవిడ?" అన్నారు పరాంకుశం గారు. "క్వాలిఫికేషన్ ఏంటి?"

"స్కూల్లో లైబ్రేరియన్‌గా చేసేదంట సార్."

"పీహెచ్‌డీ లేదా? లేనిదాని దగ్గర అప్రూవల్ తీసుకుంటున్నామా ఇన్నాళ్లూ?"

ఆ మధ్యాహ్నమే డిపార్ట్‌మెంట్ మీటింగ్ జరిగి ఏకగ్రీవ తీర్మానం అయింది. సరి రోల్ నంబర్లవారు తప్పును తీసెదరు, బేసి రోల్ నంబర్లవారు పెట్టెదరు. ఇద్దరికీ చెరొక దిద్దుబాటు కింద లెక్క. పెట్టనిదే తీయలేరు గనుక ముందు బేసివారు పంపాలి. హెప్సిబాది బేసి నంబరు. ఆమె పంపలేదు. మిగతా బేసివారంతా పద్ధతి ప్రకారం, బూట్లు వేసుకుని, తప్పును మళ్లీ పెట్టమని పంపారు. సరివారు దాన్ని తీసేయమని పంపారు. పంపిన ప్రతిదాంట్లోనూ మొదటి వాక్యం అత్త ఫోనే.

కైసా సహనానికీ ఒక హద్దుంది. దివ్యసింధు కాలేజీ పేరుతో ఉన్న ఈమెయిళ్లన్నిటికీ ఆమె ఒకేసారి తలుపు మూసేసింది. సర్క్యులర్ వచ్చాక హెప్సిబా కూడా కాలేజీ ఈమెయిల్‌నే వాడుతోంది. ఆ తలుపు ఆమెకూ పడింది.

"నన్ను గూడా వాళ్లలో కలిపేసింది అత్తా" అని మంచం పట్టె మీద తల ఆనించి ఏడ్చింది. "నేనేం చేశానని?"

"నువ్వేం చెయ్యలా" అంది సువార్తమ్మ, తడుముకుంటూ జుట్టు నిమిరి. "లైన్లో ఒకేమాటు అరవై మంది అరిస్తే నేనైనా ప్లగ్గు పీకేస్తా. ఆయమ్మకి నీ గొంతు విడిగా వినిపించాల. నీ సొంతంగా రాయి, ఆ కాలేజీ బిళ్ల తగిలించుకోకుండా."

కాలేజీలో మాత్రం ఎవరూ ఏడవలేదు. విషయం విన్న బాపనయ్య గారి ముఖం వెలిగింది. "ఎస్టోనియావాళ్లు మన కాలేజీని ప్రత్యేకంగా పేరు పెట్టి ఆపారా? అంటే మనం వాళ్ల దృష్టిలో పడ్డట్టే గదండీ" అన్నారు. వార్షిక నివేదికలో 'అంతర్జాతీయ గుర్తింపు' అనే శీర్షిక కింద అది చేరింది.

మార్కుల సమస్యను పరాంకుశం గారే పరిష్కరించారు. తెరిచిపెట్టిన ప్రోగ్రామును ఎవరైనా నకలు తీసుకోవచ్చు కదా. హెప్సిబా చెడగొట్టక ముందున్న పాత ప్రతిని, అంటే తప్పు చెక్కుచెదరకుండా ఉన్నదాన్ని, నకలు తీసి కాలేజీ కంప్యూటర్లో పెట్టించారు. దానికి 'దివ్యసింధు వాణి' అని నామకరణం చేశారు. పగలు సరివారు తప్పును తీసేవారు, సాయంత్రం బేసివారు పెట్టేవారు. బేసివారు బస్సుకు టైమైందని పారిపోతే లాబ్ టెక్నీషియన్ పెట్టి తాళం వేసేవాడు. తలుపు మీద "తప్పును అనుమతి లేకుండా సరిచేయువారు శిక్షార్హులు" అని బోర్డు కట్టారు. క్లాసు క్లాసంతా పాసైంది, ఒక్క హెప్సిబా తప్ప.

"ప్రపంచంలో చేశావ్, బాగుంది" అంది సుధారాణి మేడం బతిమాలుతూ. "లాబులో కూడా చెయ్యాలి గదమ్మా. ఒక్కసారి తప్పు పెట్టెయ్, సంతకం పెట్టేస్తా."

"తెలిసి తెలిసి ఎట్టా పెట్టను మేడం?"

"అందరూ పెడుతున్నారు గదే. నువ్వు తెలియకుండానే పెట్టు" అంది ఆవిడ.

కమిటీ పెద్దాయన మళ్లీ వస్తున్నాడని కబురొచ్చింది. ఈసారి పెసరట్టుతో సరిపెట్టకూడదని బాపనయ్య గారు నిశ్చయించారు. పట్టణంలోని అంధులందరినీ పిలిచి, వారి ఫోన్లలో దివ్యసింధు వాణిని ఉచితంగా ఎక్కించి, లోకార్పణం చేయాలి. ఆహ్వానితుల్లో మొదటి పేరు సువార్తమ్మది. క్లాసు మొత్తం రికార్డుల్లో ఉన్న అత్త ఆవిడే గదా. హెప్సిబా ఆ రోజు ఆడిటోరియంలోకి వచ్చేసరికి వాలంటీర్లు గుమ్మం దగ్గర ఫోన్లు తీసుకుని, పాత యాప్ తీసేసి, కాలేజీది పెట్టి, గులాబీ పువ్వుతో సహా చేతికిచ్చేస్తున్నారు.

"సార్, వీళ్ల ఫోన్లలో ఉన్నది బాగానే చదువుతోంది సార్. ఇది రెండో పేజీ దగ్గర ఆగిపోతది" అంది పరాంకుశం గారికి అడ్డం పడి.

"లబ్ధిదారుల జాబితా ఫైనలైజ్ అయిందమ్మా. ఇప్పుడు మార్చలేం."

సభ మొదలైంది. ప్రార్థన, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు. ప్రిన్సిపాల్ గారు వార్షిక నివేదికను తాము చదవబోమనీ, ఒక అంధ సోదరి ఫోనే దాన్ని చదివి వినిపిస్తుందనీ ప్రకటించారు. చప్పట్లు మోగాయి. సువార్తమ్మను వేదిక ఎక్కించి, నివేదిక ఫొటోలు తీసి, ఆమె ఫోను మైకు దగ్గర పెట్టారు. ఫోను ఖంగున చదివింది. గౌరవనీయులైన అధ్యక్షులవారికి, ముఖ్య అతిథికి అని మొదలుపెట్టి, ఆంధ్రదేశపు విద్యాకాశంలో మన దివ్యసింధు ధ్రువతారగా వెలుగుచున్నది అని మొదటి పేజీ ముగించి ఊరుకుంది. పరాంకుశం గారు వెళ్లి తట్టారు. గౌరవనీయులైన అధ్యక్షులవారికి, అని మొదట్నించీ ఎత్తుకుని, ధ్రువతార దగ్గర మళ్లీ ఊరుకుంది.

"ఏమైంది?" అన్నాడు కమిటీ పెద్దాయన.

"ఏమీ కాలేదు సార్" అన్నారు పరాంకుశం గారు గర్వంగా. "తప్పు చాలా చక్కగా పనిచేస్తోంది."

"దీన్నెవరూ దిద్దలేదా?"

"రోజూ దిద్దుతున్నాం సార్."

"మరి?"

"సాయంత్రం మళ్లీ పెట్టేస్తాం సార్. లేకపోతే మర్నాటి బ్యాచ్‌కి ఇబ్బంది."

పెద్దాయన బుర్ర గోక్కున్నాడు. ఇప్పుడెవరైనా దిద్దగలరా అని అడిగాడు. పరాంకుశం గారు టైంటేబుల్ చూసుకున్నారు. ఆ పూట లాబు ఎవరికీ లేదు. ఆ లోపలే హెప్సిబా వేదిక మెట్లెక్కింది. ఆమె ఫోను దగ్గరికి రాగానే ఆయన అడ్డం నిలబడి గొంతు తగ్గించి అన్నారు. "నీది బేసి. నువ్వు పెట్టాలి గాని తీయకూడదు. ముట్టుకున్నావంటే మాల్‌ప్రాక్టీస్ రాస్తా. సంవత్సరం పోద్ది."

ఆయన గొంతు తగ్గించారు గాని మైకు ముందే తగ్గించారు. హాలంతా విన్నది.

"ముట్టుకోవే" అంది సువార్తమ్మ. ఆమె మాట కూడా మైకులోనే మోగింది. "ఎస్తేరు నోరు నొక్కేశారు వీళ్లు. నన్ను పిలిచి, పువ్విచ్చి మరీ నొక్కేశారు."

సంవత్సరం పోతే క్యాంపస్ ఇంటర్వ్యూలు పోతాయి, తోటివాళ్లు వెళ్లిపోతారు, జూనియర్లతో కూచోవాలి. అదంతా ఆమెకు తెలుసు. అయినా ఫోను తీసుకుంది. దివ్యసింధు వాణిని తీసేసి, లోకమంతా వాడుకునే అసలు యాప్‌ను, తను దిద్దినదాన్ని, తిరిగి ఎక్కించింది. మైకు దగ్గర పెట్టింది. ఎస్తేరు మొదటి పేజీ చదివింది, ధ్రువతార దాటింది, ఓ క్షణం ఆగి రెండో పేజీ ఎత్తుకుంది.

"ఈ విజయాలన్నిటికీ మూలకారకులు, గోదావరి జిల్లాలకే తలమానికమైన మన శ్రీ రత్నగర్భ ఇంజనీరింగ్ కాలేజీ యాజమాన్యము" అని స్పష్టంగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది.

నివేదికను ఆఫీసువాళ్లు ఎక్కణ్ణించి దించారో ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది. మొదటి పేజీలో పేరు మార్చారు. రెండో పేజీ దాకా ఎవరూ వెళ్లలేదు, ఇంతకాలం వెళ్లే అవసరమూ రాలేదు. ఎస్తేరు మాత్రం ఆగకుండా రత్నగర్భవారి ఈతకొలను గురించి, గోదావరి గట్టు మీద వాళ్ల విద్యార్థులు నాటిన మొక్కల గురించి చదువుకుంటూ పోయింది. చివరికి ఎవరో మైకు వైరు పీకారు.

పెద్దాయన కోప్పడతాడని అందరూ అనుకున్నారు. ఆయన తృప్తిగా తలాడించాడు. "ఎక్కడో విన్నట్టుందే అని ఇందాకట్నించీ అనుకుంటున్నా. పోయిన వారం రత్నగర్భలో కూడా ఇదే విన్నా. అక్కడా బాగుంది" అన్నాడు. 'నివేదికల్లో ప్రశంసనీయమైన ఏకరూపత' అని రాసి, కాలేజీకి పై గ్రేడు ఇచ్చి, భోజనానికి లేచాడు.

గ్రేడు వచ్చింది గనుక సంతోషించి ఊరుకోవచ్చు. కానీ కాలేజీ పరువన్నది ఒకటుంటుంది. మర్నాడు కొత్త సర్క్యులర్ వచ్చింది. "ఇకమీదట కళాశాలయందు ఏ నివేదిక గాని, ఏ పత్రము గాని ఒక్క పేజీకి మించి ఉండరాదు." ఒకే పేజీ ఉంటే దివ్యసింధు వాణి ఎక్కడా ఆగదు. ఆ విధంగా తప్పు శాశ్వతంగా పరిష్కారమైందనీ, దాన్ని పరిష్కరించినవారు డాక్టర్ పరాంకుశం గారనీ పత్రికల్లో వచ్చింది.

ఆ వారంలోనే హెప్సిబా తన సొంత ఈమెయిల్ నుంచి కైసాకు జరిగిందంతా రాసింది. దాచకుండా, ఏం గమనించిందో ముందు, ఏం జరగాల్సి ఉండిందో తర్వాత. అదే రోజు జవాబొచ్చింది. తలుపు తెరిచే ఉంది, తెలుగు విభాగం ఇవాళ్టి నుంచి నీదే, నిన్ను గుంపులో కలిపినందుకు నన్ను క్షమించు అని. క్షమించమని ఒక పెద్దమనిషి తనను అడగడం హెప్సిబా జీవితంలో అదే మొదలు. ఆ ధైర్యంతోనే విచారణ గదిలోకి వెళ్లింది.

బల్లకు అవతల బాపనయ్య గారు, పక్కన పరాంకుశం గారు, చివర కూచుని కాగితం మీద రాసుకుంటూ సుధారాణి మేడం. అభియోగాలు వరసగా చదివారు. బేసి నంబరు అయి ఉండీ తప్పును తీసివేయుట. లాబు లేని సమయమున తీసివేయుట. నివేదికను మొదటి పేజీకి మించి చదివించి సంస్థ గౌరవమునకు భంగము కలిగించుట.

"చిన్నపిల్లవని ఒక అవకాశం ఇస్తున్నాం" అన్నారు బాపనయ్య గారు. "మీ అత్త ఫోనును పూర్వస్థితికి తెచ్చి, క్షమాపణ రాసివ్వు. ఇక్కడితో వదిలేస్తాం. లేదంటే సంవత్సరం డిటైన్ చేయాల్సి వస్తుంది."

"ఏ పూర్వస్థితికి సార్?"

"మేము ఇచ్చినప్పుడు ఉన్న స్థితికి."

"అంటే తప్పు మళ్లీ పెట్టమనా సార్, మా అత్త ఫోన్లో?"

"యథాస్థానంలో" అని సవరించారు పరాంకుశం గారు.

హెప్సిబాకు ఒళ్లు మండింది. అయినా గొంతు పెంచలేదు. "పెట్టను సార్. ఆమెకు ఉన్న కాలక్షేపం అదొక్కటే. మీరు నా రికార్డు మీద సంతకం పెట్టారు, చదవలా. అరవై మంది దించారు, వాళ్లూ చదవలా. మీ రిపోర్టు మీరే చదవలా. ఎస్టోనియాలో ఒకామె చదివింది, తప్పుంటే చెప్పింది. చదివేవాళ్లకి ఇచ్చుకుంటా నా పని. మీ సంవత్సరం మీరే ఉంచుకోండి."

సుధారాణి మేడం రాస్తున్న కలం ఆపింది. ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. ఈ మాటలన్నీ రాయాలని ఆవిడకు నిజంగానే ఉంది. రాస్తే కింద చోటు చాలదు, రెండో కాగితం తీసుకోవాలి.

"మేడం, సర్క్యులర్ ఉంది" అని గుర్తు చేశారు బాపనయ్య గారు.

ఆవిడ తల దించుకుంది. నేరం పేజీలో సుబ్బరంగా పట్టింది. శిక్ష, కాస్త ఇరికించి రాస్తే, అదీ పట్టింది. ఆ పిల్ల జవాబుకే చోటు చాల్లేదు.